రెండు చుక్కల అక్షరం

“ఆ కాగితం ఇట్ల ఇయ్యి, పంకజం.”

పద్మనాభన్ అడగడం ఇది మూడోసారి. మొదటిసారి బతిమాలుతున్నట్టు అడిగాడు. రెండోసారి ఇంటికి పెద్దకొడుకు హోదాలో అడిగాడు. ఈసారి మటుకు మిల్లులో కూలీలను అదిలించే మేస్త్రీ గొంతు బయటికొచ్చింది.

పంకజం బట్టలకు నీలిమందు పట్టించే తొట్ల కొట్టం తలుపుకి వీపు ఆనించి కూర్చుంది. కాగితం ఆమె రవికలో ఉంది. అక్కడినుంచి లాక్కునే ధైర్యం బావకు లేదని ఆమెకు తెలుసు.

“ఇయ్యను బావా.”

“చావు కాగితం ఇంట్లో పెట్టుకోకూడదు. చదివినంక చించేయాల. ఈమాత్రం తెలవదా నీకి?”

“చదివినంక అంటాండావే, ఎవురు చదివినారు దాన్ని?”

నిజం చెప్పాలంటే వరండాలో ఉన్నవాళ్లెవరూ దాన్ని చదవలేదు. చూశారంతే.

నిన్న మధ్యాహ్నం తపాలావాడు తెచ్చిన కవరులో ఉన్నది ఒకే ఒక్క కాగితం. దాని నడిమధ్య అరచేతి వెడల్పున ఒక గుర్తు. అది తమిళం కాదు, తెలుగు కాదు, ఫ్రెంచి కాదు. కాగితం నాలుగు మూలలా నలుపు అంటి ఉంది.

పెళ్లి కబురైతే మూలలకు పసుపు రాస్తారు, చావు కబురైతే నలుపు. చదువు రానివాళ్లకు ఈ సంగతి మరీ బాగా తెలుసు, వాళ్లు చదివేది మూలలనే కనుక. ఇక ఆ నడిమి గుర్తు ఏమిటన్నది పద్మనాభన్ మేనత్త అన్నమ్మాళ్ తేల్చేసింది. రెండు పక్కలా కర్రలు, నడుమ అడ్డకర్ర. పాడె కాక మరేమిటి? మరి ఆ రెండు చుక్కలేమిటని పంకజం అడిగితే, అవి తాడు ముడులు అంది. అడిగినదానికల్లా జవాబు చెప్పగలిగే మనిషి అన్నమ్మాళ్. ఆ గుణం వల్ల పుదుచ్చేరి ముత్యాలపేటలో చాలా కొంపలు కూలాయి.

పంకజం పెనిమిటి దామోదరన్ జపాను దేశంలో చచ్చిపోయాడని నిన్న సాయంత్రానికే వీధి వీధంతా ఒప్పేసుకుంది.

ఒప్పుకోకపోవడానికి ఆధారం కూడా పెద్దగా లేదు. నీలి బట్టల వ్యాపారి ఒకాయన వెంట దామోదరన్ సైగోను ఓడెక్కి మూడేళ్లయింది. అక్కడినుంచి జపానులో కోబే అనే రేవుకి పోయాడు, వాళ్లు నీలిని ఎలా పులియబెడతారో నేర్చుకుని రావడానికి. అతనికి ఏ భాషలోనూ ఒక్క ముక్క రాయడం రాదు. వ్యాపారి గుమాస్తా తమిళంలో రాసిపెట్టేవాడు. ఆ గుమాస్తా ఉద్యోగం మాని తిరిగొచ్చేస్తూ, ఇంటి చిరునామా ఫ్రెంచిలో రాసిన కవర్లు నాలుగు దామోదరన్‌కి ఇచ్చి వచ్చాడు. అటుపైన పదకొండు నెలలు నిశ్శబ్దం. ఇక్కడినుంచి రెండు ఉత్తరాలు వేయించారు, జవాబు లేదు. నిన్న వచ్చింది ఆ నాలుగింటిలో ఒక కవరు.

“రేపు పొద్దున అయ్యవారు వస్తాడు,” అన్నాడు పద్మనాభన్. “పీనుగ లేదు గాబట్టి దర్భతో మనిషిని చేసి నిప్పు పెడతాం. ఆ కాగితం గూడా దాంట్లో ఎయ్యాలంట. ఊరికే మొండి పట్టకు.”

“పదోనాడు గాజులూ తాళీ తీస్తాం,” అంది అన్నమ్మాళ్, అదేదో ఊరడింపు మాటలాగా. “ఇప్పుడు బొట్టు మటుకు చెరుపుకో, చాలు.”

పంకజం అత్తవైపు చూసింది.

చెంగమ్మ గోడ వారన చాప మీద కూర్చుని ఉంది. కవరు తెరిచిన క్షణంనుంచి ఆమె ఏడవలేదు, తినలేదు, ఒక్క మాటైనా పలకలేదు. నలభై ఏళ్లు తొట్లలో ముంచిన చేతులు, గోళ్లలో ఎక్కిన నీలి ఇక పోదు. ఆ చేతుల్ని ఒళ్లో పెట్టుకుని వాటికేసే చూస్తోంది.

“అత్తా, నువ్వు చెప్పు. నువ్వు చెప్తే వింటా.”

పెరట్లో బట్టలనుంచి నీళ్లు కారుతున్న చప్పుడు వినబడుతోంది.

“నేను ముప్పై ఏండ్లకి తీసేసినా గాజులు,” అంది చెంగమ్మ చివరికి. “ఆ పని నీకి చెయ్యాలని నాకేం ఆశ గాదు. కానీ వాడు నీళ్లిచ్చే దిక్కు లేక ఆ పరాయి దేశంలో తిరగతా ఉంటే, నాకి ఈడ కూడు దిగదే.”

ఆ మాటల్లో కోపం ఉంటే పంకజం ఎదిరించేది. కోపం లేదు. అందుకే ఆమెకు ఏడుపొచ్చింది.

“చదివించుకోని వస్తా అత్తా. చావు అని చదివి చెప్తే, నా చేత్తో నేనే దీన్ని మంటలో ఎయ్యనా? గాజులు నేనే పగలగొట్టుకుంటా. చదవకుండా మాత్రం ఇయ్యను.”

“యాడ చదివిస్తావు? ఎవురికొస్తాది ఆ గీతలు?” అన్నాడు పద్మనాభన్.

“రెడ్డియార్‌పాళయంలో సైగోనమ్మ ఉండాది.”

అన్నమ్మాళ్ చెవులు మూసుకోలేదుగానీ, మూసుకోదలచుకున్నట్టు చేతులు ఎత్తింది. “ఆమె ఇంట్లో నీళ్లు గూడా తాగరే ఎవురూ. ఏమేం తింటాదో ఏమో.”

“నేను పోయేది తినేదానికి గాదు పెద్దత్తా.”

చెంగమ్మ తలెత్తి కోడలిని చూసింది. నిన్నటినుంచి ఆమె ఒక మనిషి ముఖం చూడడం అదే మొదలు.

“దీపం పెట్టేలోగా రా,” అంది.

*

సైగోనమ్మకి ఇక్కడివాళ్లు పెట్టిన పేరు కనగం. కస్టమ్సులో పనిచేసి పింఛను పుచ్చుకున్న సౌందరరాజన్ సైగోనులో ఉండగా చేసుకున్న భార్య. పదిహేనేళ్లుగా ఈ ఊళ్లోనే ఉంది, పైటకొంగు వేసుకోవడంలో మన ఆడవాళ్లకన్నా శ్రద్ధ చూపిస్తుంది. అయినా ఊరికి ఆమె ఇంకా నిన్న దిగిన మనిషే. ఆమెకి చీనా అక్షరాలు వచ్చన్న మాట పంకజం పండ్ల అంగడి దగ్గర ఎప్పుడో విన్నది. అప్పుడు నవ్వి ఊరుకుంది.

ఎండలో రెండు గంటలు నడిచింది. వీధి గుమ్మంలో నిలబడి ఎలా పిలవాలో తెలియక, “అక్కా,” అంది.

కనగం అరుగు మీద ఏవో ఆకులు ఆరబోస్తోంది. పొట్టి మనిషి, నెరిసిన జుట్టు గట్టిగా ముడి వేసుకుంది. ఎవరని గానీ ఎందుకని గానీ అడగలేదు.

“ఎండ. లోపలికి రా. కూర్చో,” అంది. చెంబుతో నీళ్లు తెచ్చి, పంకజం ముందు పెట్టకుండా, చేతిలోనే పట్టుకుని నిలబడింది. తాగుతుందో లేదో చూసి పెడదామని ఆమె ఉద్దేశం. పంకజం చెంబు అందుకుని అంతా తాగేసింది.

కాగితం విప్పి చాప మీద పెట్టింది. చెప్పవలసింది చెప్పింది. మూలల నలుపు, పాడె, దర్భ, పదో రోజు.

కనగం చేతులు కడుక్కుని వచ్చి, తుడుచుకుని, అప్పుడు ముట్టుకుంది కాగితాన్ని. వెలుతురుకేసి ఎత్తి చూసింది. దగ్గర పెట్టుకుని చూసింది. ఆ కాసేపట్లో పంకజం తెలిసిన దేవుళ్లకందరికీ మొక్కేసింది.

“ఎవురు చెప్పినారు చచ్చిపోయినాడని?”

“అందురూ.”

“ఆయనకి అమ్మ ఉండాదా, చెల్లీ?”

“ఉండాది. మా అత్త.”

“ఇది ఆమె,” అంది కనగం. “ఈ అక్షరం అమ్మ. ఆయన అమ్మ అని రాసినాడు. ఇంకేం రాయలా.”

పంకజానికి మొదట ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక రెండు చేతులూ నేలకి ఆనించి అట్లాగే కూర్చుండిపోయింది. బతికి ఉన్నాడు. బతికి ఉండి, కూర్చుని, ఒక అక్షరం రాశాడు. ఇంత సంతోషం ఆమె పెళ్లి రోజున కూడా ఎరగదు.

ఆ సంతోషం వెనకాలే, పిలవకుండా, ఇంకొకటి వచ్చింది. పదకొండు నెలలు నేను కళ్లు కాయలు కాచేలా చూస్తే, వచ్చిన ఒక్క అక్షరమూ నాది కాదు. ఇలాంటి సమయంలో ఇలా అనుకున్నందుకు ఆమె సిగ్గుపడింది. సిగ్గుపడినా నొప్పి నొప్పిలాగే ఉంది.

“వేరే ఎవురన్నా రాసుంటే?” అంది, బావ అడగబోయే ప్రశ్న ముందే ఊహించి.

“ఆ దేశపోళ్లు రాయలా. ఈడ చూడు.” కనగం చిటికెన వేలు కాగితానికి తగలకుండా చూపించింది. “చుక్కలు ముందు పెట్టాల. అడ్డగీత ఆఖర్న. ఆడ ఆరేండ్ల బిడ్డకి తెలుసు అది. ఈయన గీత ముందు గీసినాడు. అది ఆరినంక జ్ఞాపకం వచ్చింది, చుక్కలు పెట్టినాడు. చూడు, ఈ చుక్క గీత మిందికి పాకింది. కుంచె అదిరింది. మీసాలు వచ్చినంక నేర్చుకున్న చెయ్యి ఇది.”

“మరి ఆ మూలలు?”

“పూసింది గాదు. ఏలిముద్రలు. కొత్తగా రాసేవాళ్లకి మోచేతి దాకా సిరా అంటుకుంటాది. రాసేటప్పుడు ఒక మూల పట్టుకున్నాడు, ఆరబెట్టేటప్పుడు రెండు, మడిచేటప్పుడు ఇంకొకటి. నేను నేర్చుకునేటప్పుడు మా నాయన రోజూ నా చెవులు కడిగేవాడు.”

పంకజం నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. కనగం రెండూ అయ్యేదాకా ఆగింది.

“దీన్ని ఎట్ల చదవాల అక్కా? నోటితో ఏమనాల?”

“మా ఊర్లో మౌ అని చదవతాం. పిలిచేది మాత్రం మా అని. సైగోనులో మా ఇంటి పక్క ఫోటోలు తీసే జపానాయన ఉండె. ఆయన పెండ్లాం మాట నాకి రాదు, నా మాట ఆమెకి రాదు. దినమంతా కాగితం మింద రాసుకుని మాట్లాడేవాళ్లం. అక్షరం ఇద్దరికీ ఒకటే, నోరే వేరే. ఆమె దీన్ని హహ అనేది, వాళ్ల అమ్మని గురించి చెప్పేటప్పుడు. ఇంకో అక్షరం పక్కన చేరితే బో అనాలంట.”

“హహ,” అని చూసింది పంకజం. “నవ్వినట్టుండాది.”

“నేనూ అదే అన్నా ఆమెతో. ఆమెకి కోపం వచ్చింది.”

“అంటే ఎవురి నోటితో వాళ్లు చదువుకోవచ్చా? తెలుగులో గూడా?”

“అమ్మ అను. చదివినట్టే గదా,” అంది కనగం.

లోపలినుంచి ఒక నల్లరాయీ, సిరా కడ్డీ, కుంచె తెచ్చింది. రాయి మీద నాలుగు చుక్కల నీళ్లు పోసి కడ్డీ అరగదీసింది. పని చేసుకుంటూనే చెప్పింది. మొదటి గీత కిందికి దిగి పక్కకి తిరగాలి, రెండోది పక్కకి పోయి కిందికి దిగాలి. అవి రెండూ కలిస్తే కూర్చున్న ఆడమనిషి. చుక్కలు రెండూ బిడ్డ పాలు తాగే తావు. అడ్డగీత ఆఖర్న. పంకజం రాసింది. వంకరగా వచ్చింది. మళ్లీ రాసింది. ఆరోసారికి కనగం తలూపింది. బిడ్డలు లేని పంకజానికి ఆ రెండు చుక్కలు పెట్టేటప్పుడు ప్రతిసారీ చెయ్యి కాస్త ఆగింది. కనగం అది చూసింది.

“అక్కా, అంత దూరంనించి ఎట్ల వచ్చినావు?”

“ఓడలో.”

“అది గాదు.”

కనగం కుంచె కడగసాగింది. “ఆయన పని అయిపోయి ముందు వచ్చేసినాడు. తరవాత పిలిపిస్తానన్నాడు. రెండేండ్లు కాచుకున్నా. ఉత్తరం వచ్చేది, డబ్బు వచ్చేది, పిలుపు మాత్రం రాలేదు. ఒక దినం కాచుకోడం చాలనిపించింది. పేరు రాయించుకుని ఓడెక్కినా. దిగేసరికి ఆయన రేవులో లేడు. ఇల్లు ఎక్కడని అడగతా వచ్చినా.”

“భయం లేదా?”

“ఉండె. ఇప్పుడూ ఉండాది కొంచెం.” కుంచె ఆరబెట్టింది. “నా పేరు లాన్. కనగం అనేది మా అత్త పెట్టింది. నువ్వు అడగలా, అయినా చెప్పాలనిపించింది.”

“లాన్ అక్కా,” అంది పంకజం. “మా ఇంటికి వస్తావా? నేను చెప్తే నమ్మరు.”

పదిహేనేళ్లలో ముత్యాలపేటకి ఆమెను పిలిచినవాళ్లు లేరు. పెట్టెలోనుంచి మంచి చీర తీసింది.

*

సౌందరరాజన్‌గారి పుష్‌పుష్ బండిని వెనకనుంచి ఇద్దరు తోసుకుంటూ పోతుంటే, పంకజానికి దారిలో ఒక పాడు ఆలోచన వచ్చింది. భార్య అని రాశాడని చెబితే? ఎవరు కనిపెడతారు? పక్కనున్న ఈ మనిషిని బతిమాలితే కాదనదేమో. మూడేళ్లలో ఒక్కరోజు ఆ ఇంట్లో తల ఎత్తుకుని తిరగాలని ఆశ ఉండడం తప్పా?

తప్పో కాదో తేలకముందే ఇల్లు వచ్చింది.

వరండాలో దర్భల కట్ట పడి ఉంది. అయ్యవారు అప్పుడే పంపేశాడు. చెంగమ్మ ఆ కట్ట పక్కనే కూర్చుని, ఒక్కొక్క పుల్లా తీసి, వంకర లేకుండా సరిచేసి పెడుతోంది. కొడుకు తల దువ్వుతున్నట్టే ఉంది ఆ తీరు. పంకజం బుద్ధి అక్కడితో సరైపోయింది.

మెట్టు ఎక్కి, అత్త ముందు కూర్చుని, కాగితం విప్పింది.

“అత్తా, ఇది నువ్వే.”

చెంగమ్మ అర్థం కాక చూసింది.

“ఈ అక్షరానికి అమ్మ అని అర్థం. నిన్ను రాసినాడు. సొంతంగా, ఆయన చేత్తో. చావు లేదు, పాడె లేదు.”

“ఎవురు చెప్పినారు?” అన్నాడు పద్మనాభన్. అప్పుడు చూశాడు గుమ్మం కింద నిలబడి ఉన్న కనగాన్ని. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు కనుక ఆమె అక్కడే ఆగిపోయింది.

“పైకి రండమ్మా,” అంది చెంగమ్మ.

కనగం వచ్చింది, కూర్చుంది, చెప్పింది. ఏ గీత ముందు, ఏది వెనక, చుక్క ఎక్కడ పాకింది, మూలల్లో ఉన్నవి ఏమిటి. నింపాదిగా, ఒక్కొక్కటీ వేలితో చూపిస్తూ. అన్నమ్మాళ్ పాడె సంగతి మళ్లీ ఎత్తబోయి, వినేవాళ్లెవరూ లేరని గ్రహించి ఊరుకుంది.

“సరి. వాడే రాసినాడు అనుకో,” అన్నాడు పద్మనాభన్. “ఇది ఏసి రెండు నెల్లన్నా అయ్యుంటాది. అప్పుడు బతికుండాడు. ఇప్పుడు ఉండాడని ఎవురు చెప్పేది?”

ఈ ప్రశ్న అన్యాయమైనది కాదు. తమ్ముడంటే అతనికీ ప్రాణమే. నిన్న రాత్రంతా పెరట్లో కూర్చుని అతను ఏడ్వడం పంకజం విన్నది.

చెంగమ్మకి ఇవేవీ చెవికెక్కలేదు. కాగితాన్ని మోకాళ్ల మీద పెట్టుకుని, ఒక మూలనున్న నల్లటి వేలిముద్ర మీద తన బొటనవేలు ఆనించింది. ఆమె వేలు దానిలో సగమైనా కప్పలేదు. అప్పుడు ఏడ్చింది. నిన్నటినుంచి ఆగినదంతా ఒకేసారి వచ్చింది. పంకజం ఆమె భుజం పట్టుకుంటే, ఆమె కోడలి చెయ్యి పట్టుకుని నుదుటికి అదుముకుంది. పెళ్లైన తరవాత ఆ ఇద్దరూ అంత దగ్గరగా కూర్చోవడం అదే మొదటిసారి.

“దర్భ తీసి ఆవతల ఎయ్యి, పద్మనాభా,” అంది చెంగమ్మ కళ్లు తుడుచుకుని. “అయ్యవారికి వద్దని చెప్పి రా. నా బిడ్డ చచ్చిన దినం నాకి తెలిసిపోతాది, కాగితం అక్కర్లా.”

అతను కట్ట తీసుకుని పెరట్లోకి పోయాడు.

“ఏమని పిలవాల దీన్ని?” అని చెంగమ్మ కనగాన్ని అడిగింది.

“ఆడ హహ అంటారు.”

“హహ,” అంది చెంగమ్మ. ఇంకోసారి అంది. “ఆడ వాళ్లందరికీ అట్లనే చెప్పుంటాడు, మా హహ పుదుచ్చేరిలో ఉండాదని.” ఆ ఊహ ఆమెకి ఎంతో నచ్చింది. కళ్లలో నీళ్లు ఉండగానే పెదవులు విచ్చుకున్నాయి.

నేర్పమంది. పంకజం ముగ్గుపిండి తెచ్చి నేల మీద పరిచింది. అరవై ఏళ్లొచ్చినా బలపం పట్టని చెంగమ్మ, నీలి వేలితో పిండిలో గీసింది. కూర్చున్న ఆడమనిషిని గీసి, అడ్డగీత గీసేసి, కాసేపు చూసుకుని, ఏదో తక్కువైందని చుక్కలు పెట్టింది.

కనగం, పంకజం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

“ఏంది, తప్పా?”

“తప్పే,” అంది కనగం. “మీ బిడ్డ గూడా ఇదే తప్పు చేసినాడు.”

చెంగమ్మ దాన్ని దిద్దుకోలేదు. “అట్లయితే అట్లనే ఉండనీ,” అంది. లేచి, గ్లాసులో మజ్జిగ పోసి తెచ్చి, కనగం చేతికే ఇచ్చింది. అన్నమ్మాళ్ వీధిలో చూడవలసిన పని ఏదో జ్ఞాపకం వచ్చి వెళ్లిపోయింది.

దీపం పెట్టారు.

“నీకేం రాసినాడు?” అంది చెంగమ్మ ఉన్నట్టుండి.

“ఏం లేదత్తా.”

“ఇంకో కాగితం లేదా కవర్లో?”

“లేదు.”

చెంగమ్మ ఆ మాట గురించి ఆలోచించడం మొదలుపెట్టింది. ఏదైనా ఓదార్పు దొరుకుతుందేమోనని వెతికింది. దొరకలేదు. అబద్ధం చెప్పడం ఆమెకు ముందునుంచీ చేతకాదు. “వానికి నాలుగేండ్లప్పుడు జరం వచ్చి మాట పడిపోయింది,” అంది. “తిరిగొచ్చినప్పుడు ముందు వచ్చిన మాట గూడా అమ్మే. నీ పేరు తరవాత నేర్చుకుంటాడులే.”

పంకజం తలూపింది. అత్త తనని బాధపెట్టాలని అనలేదు, ఆ సంగతి తెలుసు. తెలిసి ఉండడంవల్ల ఏడవడానికి కూడా వీల్లేకపోయింది.

“జవాబు రాయాల,” అంది చెంగమ్మ. “ఇన్నాళ్లు మనం అరవంలో వేయించినాం. అది చదివి చెప్పే దిక్కు వానికి ఆడ లేదు, పావం. వాళ్ల అక్షరంలోనే రాయాల. అమ్మా, రమ్మని రాసేది నేర్పు మా కోడలికి. పాత ఉత్తరాల్లో చిరునామా ఉండాది.”

కనగం తన సంచిలోనుంచి రాయీ కడ్డీ తీసింది. సిరా అరగదీయడం మొదలుపెట్టింది. పంకజం కుంచె పట్టుకుంది, తెల్ల కాగితం ముందు వంగింది. అప్పటికి పద్మనాభన్ కూడా వచ్చి వెనక నిలబడ్డాడు.

“రమ్మని వద్దక్కా,” అంది పంకజం.

“మరి?”

“వస్తాండానని రాసేది నేర్పు.”

సిరా అరగదీస్తున్న కనగం చెయ్యి ఆగింది. పంకజం తలెత్తలేదు. ఎత్తితే ధైర్యం చాలదని భయం. “బావ అడిగింది న్యాయమే. ఇప్పుడు బతికుండాడని ఎవురు చెప్పేది? కాగితాలు రెండేసి నెల్లు తిరిగి రావాల. ఇంకొకటి రాకుంటే మళ్లీ ఇదే దర్భ, ఇదే అయ్యవారు. నేను పోయి చూస్తా. వచ్చే నెల సైగోనుకి ఓడ ఉండాది, పేరు రాయించుకుంటా.”

“ఏం మాట్లాడతాండావు నువ్వు?” పద్మనాభన్ ముందుకొచ్చాడు. “ఆడమనిషివి, ఒంటిగా, అన్ని సముద్రాలు దాటి? నేనుండంగా ఈ ఇంటి ఆడోళ్లు ఓడెక్కేది లేదు. అమ్మా, నువ్వు చెప్పు ఆమెకి.”

కనగం కళ్లు దించుకుంది. ఓడెక్కి వచ్చిన మనిషి అక్కడే కూర్చుని ఉందన్న సంగతి పద్మనాభన్‌కి ఆలస్యంగా తోచి, అతని ముఖం ఎర్రబడింది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

“నువ్వు చెప్పమ్మా,” అన్నాడు మళ్లీ.

చెంగమ్మ పిండిలో తను గీసిన అక్షరం దగ్గరే కూర్చుని ఉంది. కోడలిని చూసింది. కొడుకుని చూసింది. ఏ వైపు మాట్లాడుతుందో ఇద్దరికీ తెలియలేదు.

“ఒంటిగా ఎట్ల పంపేది?” అంది చివరికి.

పంకజం చేతిలో కుంచె కిందికి వాలింది.

“అదుగాక వాడు పిలిచింది నన్ను గదా,” అంది చెంగమ్మ. “పోవాల్సింది నేను. నువ్వు తోడు రా.”